గళ్ళు ఒకటే కావు, ముదలాళీ

కుట్టుపనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "అమ్మా, ఏ మిషను కొనాలి?" మిషను ఏదైతే ఏం, తొక్కే కాలు నీదే గదా! ఆ మాట అడిగినోళ్ళు వందమంది ఉంటారు. "గుడ్డని ఎట్లా చూడాలి?" అని అడిగినోళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. అడగకపోయినా చెప్తాను. వినేవాళ్ళు వినండి, లేనోళ్ళు మిషను కొనుక్కోండి.

నేను పనిచేసింది మద్రాసు తొండియార్‌పేటలో యూనిఫారాలు కుట్టే ఒక కార్ఖానాలో. బడి పిల్లలకి, బ్యాండు వాళ్ళకి, హోటలు గేటు కాడ మీసాలు దువ్వుకుని నిలబడే జవాన్లకి ఆడ కుట్టేవాళ్ళం. నా పని గళ్ళు కలపడం. గళ్ళ గుడ్డ టేబులు మీద పరిచి, గీతకి గీత, గడికి గడి పొందించి, సుద్దతో గుర్తులు పెట్టి కటింగుకి పంపడం. కుట్టు విప్పి మళ్ళీ కుట్టాల్సిన పాత బట్టలు కూడా నా టేబులుకే వచ్చేవి. మా నాయన మగ్గం నేసేవాడు, వాళ్ళ నాయన నెల్లూరు పక్కనించి వచ్చి ఈడ స్థిరపడ్డాడు. నడక రాకముందే నేను కండెలు చుట్టానని మా అమ్మ అనేది. అంత అబద్ధం నేను చెప్పను, ఆరో ఏట మాత్రం చుట్టాను. బడికి పోలేదు. అక్షరాలు నలభై దాటినాక వచ్చాయి. అందుకని ఈ రాతలో తప్పులుంటే నన్ను అనండి, గుడ్డ సంగతిలో తప్పులుంటే మాత్రం ముందు మీ కళ్ళు కడుక్కుని రండి.

గడిని చూడటం

మనకి గళ్ళు కొత్త కాదు. లుంగీ గళ్ళే, తువ్వాలు గళ్ళే. అందుకే మనవాళ్ళకి ఆ పొగరు. "గళ్ళే గదా" అంటారు. స్కాచి గళ్ళు అట్లా కాదు. స్కాట్లాండులో కిల్టు అనే మగవాళ్ళ పావడాకి వాడే గుడ్డ అది. లుంగీలో పడుగు గీతలు ఒక లెక్క, పేక గీతలు ఇంకొక లెక్క ఉన్నా ఎవరూ అడగరు. స్కాచి గుడ్డలో నిలువున ఎన్ని పోగులో అడ్డంగా అన్ని పోగులు, అదే రంగు, అదే వరస. వరస ఒక చోటి దాకా పోయి, అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. ఇంకొక చోటి దాకా వచ్చి మళ్ళీ తిరుగుతుంది. ఆ రెండు తిరుగుళ్ళ మధ్య ఉన్న పోగులు లెక్కపెడితే ఆ గుడ్డ ఏ వంశానిదో, ఏ పటాలానిదో తేలిపోతుంది. మిగతాదంతా దాని నకలే.

రెండు గుడ్డలు ఒకేలాగ కనిపిస్తే పెద్ద పట్టీలని చూడొద్దు. నీలం, పచ్చ, నలుపు పెద్ద పట్టీలు పది వంశాల గుడ్డల్లో ఉంటాయి. తేడా ఉండేది సన్న గీతలో. ఆ గీత తెలుపా పసుపా, ఎన్ని పోగులు, దేని మీద కూర్చుంది, పక్కన ఏ రంగు ఉంది, అవి చూడండి. గుండుసూది మొనతో ఒక్కొక్క పోగూ తట్టి లెక్కపెట్టండి. ట్యూబులైటు కింద కాదు, వాకిట్లోకి పోయి పగటి వెలుతురులో. ట్యూబులైటు కింద నీలమూ నలుపూ అక్కాచెల్లెళ్ళు.

ఇక కిల్టు కట్టే తీరు. ముందర రెండు సాపు భాగాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మడతలన్నీ వెనక. అడుగున మడిచి కుట్టకూడదు, గుడ్డ అంచే అంచు. మోకాలి చిప్ప మధ్యకి రావాలి. కొలత తీసేటప్పుడు మనిషిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చూడాలి, అంచు నేలకి కొంచెం పైన నిలవాలి. ఇదంతా ఇప్పుడు గడగడా చెప్తున్నాను గానీ, మొదటిసారి మైలాపూరు బడి బ్యాండు పిల్లలకి కుట్టి, తొడగడానికి కూడా నేనే పోయి, ఇరవైమందికీ కుచ్చిళ్ళు ముందుకి పెట్టాను. చీరకి ముందే, పంచెకి ముందే, మరి దీనికి వెనకేమిటి? ఆ బడి ఆయమ్మ కూడా "బాగుందక్కా" అంది. ఇరవైమంది మగపిల్లలు పెళ్ళికూతుళ్ళ మాదిరి కుచ్చిళ్ళు పట్టుకుని నడిచారు. బ్యాండు మాస్టరు చూసి నెత్తి పట్టుకున్నాడు. ఆ మాస్టరు సంగతే చెప్పబోతున్నాను.

ముదలాళి

మా ముదలాళి, అంటే కార్ఖానా యజమాని, చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, తర్వాత చెప్పేవన్నీ తిట్లే కాబట్టి. పనివాళ్ళ ఇంట్లో జబ్బు చేస్తే ఆటో పంపేవాడు. కానీ గుడ్డల వ్యాపారం చేసే ఆ మనిషికి గుడ్డ కనపడదు. రెండు తానులు ముందు పెడితే, "రెండూ ఒకటే దా, రుక్మిణీ" అంటాడు అరవం కలిపి. కావంటే, "చూసేవాడికి తెలవదు దా" అంటాడు. ఈ రెండు మాటల మీదే ఆయన కార్ఖానా నడిపాడు.

ఒకసారి హోటలు జవాన్ల కోట్లకి గుడ్డ చాలలేదు. ఎడమ సగం ఒక తాను, కుడి సగం ఇంకొక తాను కలిపి కుట్టించాడు. నేను వద్దంటే, "నీకు అన్నీ తేడాలే, నీ పెళ్ళినాడు మొగుడి చెప్పులు కూడా జత కుదరలేదని గోల చేసుంటావు" అన్నాడు. కార్ఖానాలో బాగానే ఉంది. హోటలు గేటు కాడ ఎండ పడగానే ప్రతి జవానూ సగం పచ్చ, సగం నీలం అయ్యాడు. కోట్లన్నీ తిరిగొచ్చాయి. ముదలాళి వాటిని చూసి ఏమన్నాడో తెలుసా? "ఈ ఏడు ఎండ జాస్తి" అన్నాడు.

కొత్తగా చేరే పిల్లలు ఇట్లాంటి యజమానితో గొడవ పడి మానేస్తామంటారు. మానొద్దు. అన్ని కార్ఖానాల్లోనూ ఆయనే ఉంటాడు, చొక్కా మారుతుంది అంతే. మీ సుద్ద గుర్తు మీద మీరు నిలబడండి, చాలు.

ఐజక్ మాస్టరు కిల్టు

ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయిన రోజులు. బస్సు మీద బోర్డు మారిందని అందరూ గొణుగుతుంటే నాకు ఏ బాధా లేదు. చదువు రానిదానికి పాత బోర్డయితే ఏం, కొత్త బోర్డయితే ఏం?

ఐజక్ మాస్టరు రాయపురం మనిషి. మైలాపూరు బడిలో పైపుల బ్యాండు, అదే చంకలో గాలిసంచి పెట్టుకుని ఊదేది, నేర్పేవాడు. నేను కుచ్చిళ్ళు ముందుకి పెట్టినప్పుడు నెత్తి పట్టుకున్నది ఈయనే. వాళ్ళ నాన్న స్కాట్లాండు పటాలంలో డ్రమ్ము వాయించేవాడట. పటాలం వెళ్ళిపోయినా ఆయన ఈడే రైల్వేలో ఉండిపోయి రాయపురం తెలుగామెని చేసుకున్నాడు. అందుకని మాస్టరు తెలుగు మన తెలుగే. మనిషి తెల్లగా, పొడుగ్గా ఉండి "యాడికి పోతున్నావమ్మా" అంటే కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవారు.

ఒక రోజు మా కార్ఖానాకి వచ్చాడు, చేతిలో ఒక గుడ్డసంచి. తెరవగానే కలరా ఉండల వాసన, దాని అడుగున రేవు చేపల వాసన. లోపల వాళ్ళ నాన్న కిల్టు. నీలం, పచ్చ, నలుపు, మీద సన్న పసుపు గీత. ముందు సాపు మీద పురుగు కొట్టిన బొక్కలు ఏడు.

"బడికి యాభై ఏళ్ళు నిండినాయి. మూడు వారాల్లో పండగ. బ్యాండు ముందర నేను నడవాలి" అన్నాడు. "డాక్టరు ఇంక పైపు ఊదొద్దన్నాడు. ఇదే కడసారి. మా నాన్నది కట్టుకుని నడవాలని ఉంది."

ముదలాళి కిల్టుని ఎత్తి చూసి, "మాస్టరూ, బ్యాండు గుడ్డ తాను మిగిలింది గదా, సేమ్ దా. కొత్తది కుట్టిస్తా. ఇది ఇంట్లో సోఫా మీద పరుచుకోండి" అన్నాడు.

మాస్టరు నవ్వలేదు. జేబులోనించి రెండు చిన్న ముక్కలు తీసి టేబులు మీద పెట్టాడు. రెండిట్లోనూ నీలం, పచ్చ, నలుపు, పసుపు గీత. "ఇందులో ఏది మా నాన్న పటాలంది?"

"రెండూ ఒకటే దా" అన్నాడు ముదలాళి.

నేను రెండు ముక్కలూ, కిల్టూ తీసుకుని వాకిట్లోకి పోయాను. గుండుసూదితో తట్టుకుంటూ లెక్కపెట్టి తిరిగొచ్చి ఒక ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఇది మీది. దీంట్లో పసుపు గీత నాలుగు పోగులు, పచ్చ నడుమ కూర్చుంది. ఆ రెండోదాంట్లో ఆరు పోగులు, గీత నలుపు పక్కకి పోయింది. మా తానులో మిగిలిన గుడ్డ ఆ రెండో రకం. అది మీకు పనికిరాదు."

మాస్టరు ముదలాళి వైపు చూశాడు. "ఈమె చేతికే ఇస్తాను. ఇంకెవురూ ముట్టుకోవద్దు" అన్నాడు. నేను కొంచెం ఎగిరాను, అబద్ధమెందుకు. ఆ ఎగరడమే నన్ను ముంచింది.

చేయాల్సిన పని మొదటి చూపులోనే తోచింది. అతుకు వేయనక్కర్లేదు. కిల్టంటే ఎనిమిది గజాల గుడ్డ, చీర కన్నా రెండు గజాలు ఎక్కువ. అందులో సగానికి పైగా మడతల లోపల దాగి ఉంటుంది. లోపలి గుడ్డకి ఎండ తగలదు, పురుగు కూడా అంత సులువుగా పోదు. మొత్తం విప్పి, గుడ్డని పక్కకి జరిపి మళ్ళీ మడతలు పెడితే బొక్కలు లోపలికి పోతాయి, మంచి గుడ్డ ముందుకి వస్తుంది. ఒక్కటే చిక్కు. పటాలం పద్ధతిలో వెనక ప్రతి మడత నడుమ పసుపు గీత నిటారుగా నిలవాలి. అందుకని జరిపితే ఒక తిరుగుడు నుంచి మళ్ళీ అదే తిరుగుడు దాకా ఒక పూర్తి వరస జరపాలి. బెత్తెడు తప్పినా పసుపు గీత మడతలోకి పోయి వెనకంతా నల్లబడుతుంది. వరస పూర్తిగా కనపడేలా మడత పెట్టడం ఇంకొక పద్ధతి, అది ఇళ్ళలో కట్టుకునేవాళ్ళది. ఏ పద్ధతో ముందు అడగండి. అడగకుండా మడత పెట్టొద్దు.

నేను ఇన్ని అడిగాను. అడగాల్సింది ఒకటి అడగలేదు.

కత్తెర

ముందు నడుం పట్టీ విప్పాను. దాని లోపల రెండు వేళ్ళ వెడల్పు తెల్లగుడ్డ ముక్క ఒకటి కుట్టి ఉంది. దాని మీద మసకబారిన మట్టిరంగు గీతలు. అవి చూడగానే నా మనసులో ఏ సందేహమూ లేదు. చాకలి గుర్తు. మన ఊళ్ళో ఏ పాత బట్ట విప్పినా లోపల ఉండేదే, నల్లజీడి రసంతో పెట్టే గుర్తు. ఎన్ని వందల బట్టల్లో కత్తిరించి పారేశానో. కొత్త పట్టీ వేస్తున్నప్పుడు పాత చాకలి గుర్తు ఎవరు ఉంచుతారు? రెండు కోతలు కోసి, ముక్క చెత్తబుట్టలో వేశాను. పట్టీకి టాకాలు వేసి పక్కన పెట్టాను.

నాలుగో రోజు మాస్టరు కొలతకి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చోమంటే మిషను పట్టుకుని మెల్లిగా కూర్చున్నాడు. "ఈ వయసులో చర్చిలో కూడా ఇంతసేపు కూర్చోలేదమ్మా" అన్నాడు. పొడుగు సరిపోయింది. లేచి కిల్టు విప్పి, నడుం లోపలి వైపు తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పి చూశాడు.

"ఈడ ఒక తెల్ల పట్టీ ఉండాలే?"

"అదా మాస్టరూ, చాకలి గుర్తు. తీసి పారేశాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చాకలి గుర్తు కాదమ్మా. మా నాన్న పేరు. పటాలంలో ఆయన నంబరు. ఆయన చేత్తో ఇంకు పెట్టి రాసుకున్నాడు. ఆయన రాసినది నా దగ్గర ఇంకేమీ లేదు."

"ముందే చెప్పకూడదా మాస్టరూ?" అన్నాను నేను.

తప్పు చేసినోళ్ళ నోటెమ్మట మొదట వచ్చేది ఆ మాటే. రాసుకోండి ఇది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా తప్పు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కుడుతుంది.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కిల్టు మడిచి నా టేబులు మీదే పెట్టి, "ఇంక కుట్టొద్దు. కోసెయ్యి" అన్నాడు. "బ్యాండులో పైపులు ఆరున్నాయి. వాటి సంచులకి తొడుగులు లేవు. ఆరు తొడుగులు కుట్టి పండగలోపల బడికి పంపు. నేను ప్యాంటు వేసుకుని నడుస్తా." గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ముదలాళికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "చూసినావా, నేను మొదటే చెప్పినా. బొక్కల గుడ్డకి సంచి తొడుగులే కరెక్టు. రేపే కోసెయ్యి."

చెత్తబుట్ట గుడ్డపీలికలు గోతాంలోకి పోతాయి, గోతాం పాతగుడ్డల మండీకి పోతుంది. ఆడినించి రేవులో, మెకానిక్కు షెడ్లలో నూనె తుడుచుకోడానికి అమ్ముతారు. నేను మండీకి పోయి కూర్చున్నాను. మండీ ఆయన, "ఏమక్కా, బంగారం పోయిందా?" అన్నాడు. "కాదు, గుడ్డ ముక్క" అన్నాను. "గుడ్డ ముక్కల మండీకొచ్చి గుడ్డ ముక్క పోయిందంటే ఎట్లా అక్కా?" అని నవ్వాడు. మూడు గోతాలు కుమ్మరించి వెతికాను. మా కార్ఖానా పీలికల్లో సగం అప్పటికే పోయాయి. దొరకలేదు.

ఆ గోతాల ముందర కూర్చున్నప్పుడే నాకు నా మీద ఒళ్ళు మండింది. పోగులు లెక్కపెట్టగలనని ఎగిరాను గదా! ఆ ముక్క మీద ఉన్నవి అక్షరాలని తెలిసుంటే, చదవలేకపోయినా, ఎవరినో ఒకరిని పిలిచి చూపించేదాన్ని. నాకు అక్షరానికీ చాకలి గుర్తుకీ తేడా కనపడలేదు. ముదలాళికి నీలానికీ నలుపుకీ కనపడనట్టే. ఆయన్ని ఎన్నిసార్లు తిట్టానో అన్నిసార్లూ ఆ పూట నాకే తగిలాయి. అక్షరాలు దిద్దుకోవాలని ఆడే అనుకున్నాను.

పిల్లలకి ఒకటే మాట. తెలియని గుర్తు కనపడితే కత్తెర కింద పెట్టండి. అడగండి. నామర్దా ఏం లేదు.

మడత లోపల

తొడుగులకి కోయాలంటే ముందు మడతలన్నీ విప్పి గుడ్డని సాపుగా పరవాలి. పరిచాను. ఎనిమిది గజాలు టేబులు చాలక కొసలు కిందికి వేలాడాయి. ముదలాళి పక్కనే నిలబడి తొందర పెడుతున్నాడు. సుద్ద పట్టుకుని గుర్తు పెట్టబోతే, వెనక భాగంలో ఒక మడత లోపలి గుడ్డ మీద ఒక చినుగు కనిపించింది. మేకు తగిలితే చినిగినట్టు మూలగా చినిగింది. దాన్ని ఎవరో కుట్టారు. ఛీ, ఏం కుట్టు! గుడ్డ ముడుచుకుపోయింది, దారం ఇంత లావు, ఒక కుట్టు పొడుగు ఒక కుట్టు పొట్టి. అంత లావు దారం దర్జీ పెట్టడు, అది బూట్లు కుట్టే దారం.

అయినా చెయ్యి ఆగింది. కుట్లు వాలిన వైపు చూశాను. కుడిచేత్తో చుట్టుకుట్టు వేస్తే కుట్లన్నీ ఒక పక్కకి వాలతాయి. ఇవి అన్నీ రెండో పక్కకి వాలాయి. కుట్టింది దర్జీ కాదు. కుట్టినవాడిది ఎడమచెయ్యి. తర్వాత ఎప్పుడో పటాలం దర్జీ ఎవడో, నాలాంటివాడే, గుడ్డ జరిపి మడతలు మళ్ళీ పెట్టి ఆ వికారాన్ని లోపల దాచాడు. పాత మడతల గీతలు గుడ్డ మీద ఇంకా కనపడుతున్నాయి. ఇదంతా చదవడానికి నాకు అక్షరాలు అక్కర్లేకపోయింది.

"ఏం నిలబడినావు, కోయి" అన్నాడు ముదలాళి.

"కోయను."

"ఎవురిది గుడ్డ? నీదా?"

"మీదీ కాదు గదా ముదలాళీ" అని గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని రాయపురం బస్సెక్కాను.

మాస్టరు ఇల్లు రేవు పక్క సందులో మేడ మీద. తలుపు తీసి, "కోసినావా?" అన్నాడు.

"లేదు."

"బడికి ఇయ్యాలమ్మా. ఎప్పుడు కోస్తావు, ఎప్పుడు కుడతావు?"

"మీ నాన్నది ఎడమచెయ్యా మాస్టరూ?"

తలుపు పట్టుకున్న చెయ్యి అట్లానే ఉండిపోయింది. "ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలేదు. కిటికీ కాడికి రండి, వెలుతురు కావాలి."

గుడ్డ పరిచి చూపించాను. దారం ఎందుకు దర్జీది కాదో, కుట్టు ఏ పక్కకి వాలిందో, నా కుడిచేత్తో పక్కన రెండు కుట్లు వేసి మరీ చూపించాను. ఆయన అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ వంకర కుట్ల మీద వేలు పెట్టాడు.

"అన్నం కూడా ఎడమచేత్తోనే తినేవాడు" అన్నాడు. "మా అమ్మ ఊరుకునేది కాదు. 'థూ, ఆ చెయ్యేంది, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు' అని ప్రతి పూటా తిట్టేది. ఆయన నవ్వి కుడిచేత్తో ఒక ముద్ద తిని మళ్ళీ ఎడమకి పోయేవాడు." కుట్టు మీది వేలు ఎత్తకుండానే, "ఎట్లా చినిగిందో!" అన్నాడు.

"నాకేం తెలుసు మాస్టరూ. మేకో, ముళ్ళకంచో."

పోయిన రాతకి బదులు ఇదని నేను అనలేదు, ఆయనా అనలేదు. పోయింది పోయింది. నేను కోసేశాను. అది అట్లానే ఉంటుంది. కానీ సంచి తొడుగుల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనే అడిగాను. "కోయమంటారా, కుట్టమంటారా?"

"కుట్టు. అయితే ఇది ముందుకి రావాలి."

"ఏది?"

"ఈ కుట్టు. ముందు సాపు మీదకి."

నాకు తిక్క రేగింది. "మాస్టరూ, ఏడు బొక్కలు కనపడకుండా నేను లెక్క వేసి పెట్టుకున్నాను. గుడ్డంతా నిగనిగలాడుతూ వస్తుంది. అంత చేసి, ఉన్నదాంట్లోకల్లా వికారమైన కుట్టు బొడ్డు కింద పెట్టి నడుస్తారా? ఊరంతా చూస్తుంది."

"చూడనీ."

"విప్పి సరిగ్గా కుడతాను. సన్న దారంతో. అప్పుడు ముందుకి పెడతాను."

"విప్పితే నిన్ను ఈ మేడ మీదినించి కిందికి తోస్తా" అన్నాడు మాస్టరు. ఆ వారంలో ఆయన నవ్వింది అప్పుడే. అదీ సగం నవ్వే.

పండగ నాడు

లెక్క మళ్ళీ మొదటినించి వేశాను. ఒక వరస జరిపితే చాలదు, రెండు వరసలు వెనక్కి జరపాలి. అట్లా జరిపితే బొక్కల్లో రెండు బయటికొచ్చేలా ఉన్నాయి, వాటిని అంచు గుడ్డ పోగులు లాగి రఫ్ఫు చేశాను. కుట్టు చుట్టూ ఉన్న ఆ ముడత అట్లానే ఉంచాను. చేతులు దురద పెట్టాయి. ముప్పై ఏళ్ళు ముడతలు తీసిన చేతులకి ఒక ముడతని వదిలెయ్యమంటే ఎట్లా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుసు. వెనక పసుపు గీతలు మాత్రం ప్రతి మడత నడుమ సూది పెట్టి కొలిచినట్టు నిలిచాయి. ఎవరన్నా వెనకనించి చూస్తారా అంటే, చూడరు. అందరూ ముందునించే చూస్తారు.

పండగ రోజు ముదలాళి కొత్త చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బ్యాండు మొత్తం మా కార్ఖానా కుట్టు గదా. పిల్లలు కుచ్చిళ్ళు వెనకే పెట్టుకున్నారు, నేను ఒక్కొక్కరినీ తిప్పి చూసి పంపాను. ముందర మాస్టరు. పైపు చంకలో పెట్టుకుని, డాక్టరు వద్దన్న ఊపిరి ఊది, గేటు కాడినించి మెట్ల దాకా ఒక్కటే పాట. కాలు ఎత్తినప్పుడల్లా వెనక మడతలు విచ్చుకుని మూసుకున్నాయి. మెట్ల కాడ ఆగి పైపు దించాడు. ముఖం ఎర్రబడింది, రొమ్ము ఎగసి పడుతోంది. ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చెయ్యి ముందు సాపు మీద, ఆ కుట్టు మీద పెట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ఊపిరి పట్టేసి పొట్ట పట్టుకున్నట్టు కనపడింది. ఇద్దరు పిల్లలు పరిగెత్తి కుర్చీ తెచ్చారు.

ఆ సందట్లో బడి హెడ్డు మదర్ మా ముదలాళి కాడికి వచ్చి ఏదో అంది. కిల్టు వైపు చెయ్యి చూపించింది. ఈయన ముఖం మాడ్చుకుని నన్ను పిలిచాడు.

"ఎవురు కుట్టింది అది? ముందర? ఆ లావు దారం?"

మాస్టరు అంత దూరంలో కుర్చీలో ఉన్నాడు, నీళ్ళు తాగుతున్నాడు. పిలిస్తే వచ్చి చెప్పేవాడే. అది మా నాన్న వేసిన కుట్టు అని ఆయన చెప్పుకోవాలి, మదర్ అయ్యో అనాలి, ముదలాళి దాన్ని ఊరంతా కథ చెయ్యాలి. అది వాళ్ళకి ఎందుకు?

"నేనే ముదలాళీ."

"నువ్వా? కళ్ళు కనపడలేదా? అందరి ముందర, మదర్ ముందర... కార్ఖానా పరువు తీసినావే! సిగ్గు లేదా నీకు?"

"లేదు."

మరుసటి రోజునించి నన్ను గళ్ళ టేబులు మీదినించి తీసి గుండీల టేబులు మీద కూర్చోబెట్టాడు. కుట్టుపని కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలు కూర్చునే చోటు అది. వాళ్ళు నన్ను చూసి నోరు మూసుకుని నవ్వుకున్నారు. రెండు నెలలు గుండీలు కుట్టాను. ఒక్కటి కూడా ఊడలేదు.